చెవి పైన చదునుగా ఉంటే అరిగినట్టేనా? 1918 వెండి రూపాయి గ్రేడ్ గొడవ

పాతరూపాయి:
అందరికీ నమస్తే. మా అమ్మమ్మ ట్రంకు పెట్టెలో గుడ్డ మూట కట్టి ఉన్న రూపాయల్లో ఒకటి తీశాను. ఐదో జార్జి బొమ్మ, 1918, కలకత్తా టంకశాలది (బొరుసు వైపు అడుగున తామర పువ్వు కింద చుక్క లేదు, ఉంటే బొంబాయి అనుకోవాలి). తూకం 11.65 గ్రాములు. మెరుపు బాగానే ఉంది, అంచు పదునుగానే ఉంది, కానీ చెవి పైన, కిరీటం అంచు కింద జుట్టు చదునుగా, ముద్దగా ఉంది. రాజు గౌను మీది ఏనుగు బొమ్మకి కూడా వీపు సరిగ్గా తేలలేదు. నాణెం ఎంత బాగుందో చెప్పే 70 అంకెల లెక్కలో ఒకాయన చూసి ఏయూ 58 (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్) అన్నారు, ఇంకొకాయన ఎంఎస్ 62 (మింట్ స్టేట్) అన్నారు. అంటే ఒకరి లెక్కలో చేతులు మారిన నాణెం, ఇంకొకరి లెక్కలో వాడకానికే పోనిది. ఏది నమ్మాలి?

తులంబిళ్ళ:
ఏయూనే అండీ, ఇందులో చర్చ ఏముంది. నాణెం మీద ఎత్తుగా ఉన్న చోటే ముందు అరుగుతుంది, ఈ రూపాయి మీద ఎత్తైన చోట్లు చెవి, చెంప ఎముక, మీసం, ఏనుగు. మీరే రెండు చోట్ల చదునుగా ఉందంటున్నారు. తూకం చూసి మాత్రం మురిసిపోకండి. అసలు తూకం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, అచ్చంగా ఒక తులం. 58కీ 62కీ మధ్య తేడా కాటాకి దొరకదు.

గీతలవేట:
తులంబిళ్ళ గారూ, చదునుగా ఉన్నదల్లా అరిగింది కాదండీ, అసలు అచ్చే పూర్తిగా పడి ఉండకపోవచ్చు. నాణెం మీద ఎత్తుగా కనిపించేది అచ్చు దిమ్మెలో అన్నిటికంటే లోతైన గుంట. దెబ్బ కాస్త తగ్గినా, దిమ్మె పాతబడినా వెండి ఆ గుంట అడుగుదాకా ఎక్కదు. పైగా ఇది 1918 నాణెం. యుద్ధం రోజులు, వెండికి కటకట, జనం రూపాయలు దాచేసుకుంటున్నారు. ఆ ఏడాది అమెరికావాళ్లు పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్లకి పైగా తమ వెండి డాలర్లు కరిగించారు, అందులో ఎక్కువ భాగం బ్రిటన్ కొని ఇండియాకి పంపింది, ఆ వెండే ఇక్కడ రూపాయలైంది. కోట్లకి కోట్లు కొడుతున్నప్పుడు ప్రతి బిళ్ళా శ్రద్ధగా కొట్టారని ఎవరనుకుంటారు?

తులంబిళ్ళ:
చరిత్ర పాఠం బాగుంది సార్. కానీ అమ్మే ప్రతివాడికీ ఈ మాట నోటికొచ్చేసింది. అరిగిపోయిన బిళ్ళ చేతిలో పెట్టి "వీక్ స్ట్రైక్ అండీ, అచ్చే సరిగ్గా పడలేదు" అంటే నేను డబ్బులు పోసి కొన్న రోజులు ఉన్నాయి. తేడా కంటితో చూపించగలిగితే చెప్పండి, ఊరికే వాదన వద్దు.

గీతలవేట:
చూపిస్తాను. పది రెట్ల భూతద్దం తీసుకోండి, ఒక్కటే బల్బు, ట్యూబ్‌లైట్ వద్దు. ముందు ఆ చదును చోటు చూడండి. అచ్చు పడకముందు బిళ్ళ ఉత్త వెండి చెక్క, దానికి అప్పటికే చిన్న చిన్న గుంటలు, అడ్డదిడ్డం గీతలు ఉంటాయి. దెబ్బ గట్టిగా పడితే అవన్నీ చెరిగిపోతాయి, పడని చోట అలాగే మిగిలిపోతాయి. కాబట్టి చదునులో గరుకుగా గుంటలు కనిపిస్తే అది అచ్చు లోపం. నున్నగా, బూడిద రంగుకి తిరిగి, చుట్టూ మెరుపుకి ఆ చోట తెగినట్టుంటే అరుగుదల. తర్వాత నాణేన్ని కొంచెం వంచి మెల్లగా తిప్పండి. వెండి మధ్య నుంచి అంచుకి పారినప్పుడు ఏర్పడ్డ సన్నటి గీతల వల్ల వెలుగు బండి చక్రం ఆకుల్లా తిరుగుతుంది. ఆ వెలుగు చెంప మీదుగా ఆగకుండా దాటిందా లేదా, అసలు ప్రశ్న అదొక్కటే.

వెండిపిచ్చి:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. దేనితోనూ తోమకండి పాతరూపాయి గారూ! నేను మొదట్లో ఒక విక్టోరియా రూపాయిని చింతపండుతో రుద్దేశాను, పూజ సామాను తోమినట్టు. తళతళలాడింది, సంబరపడ్డాను. బల్బు కింద పెడితే ఒకే వైపుకి వందల సన్నగీతలు. నల్లబడ్డం జబ్బేమీ కాదు, గాల్లోని గంధకానికి వెండి అలా రంగు తిరుగుతుంది. పోయిన రంగు మళ్లీ రావచ్చు గానీ రుద్దిన పైపొర రాదు.

పాతరూపాయి:
నిన్న రాత్రి లైట్లన్నీ ఆపేసి కూర్చున్నా, మా ఆవిడ ఏం దెయ్యం పట్టిందో అనుకుంది. చెవి పైన చదునులో నిజంగానే గరుకు ఉంది, సూదితో పొడిచినట్టు గుంటలు. ఏనుగు వీపు మీదా అంతే. కానీ చెంప ఎముక దగ్గర సగం బియ్యపు గింజంత మేర మసక, వెలుగు అక్కడికొచ్చి ఆగి అవతల మళ్లీ మొదలవుతోంది. అంటే ఇద్దరూ కరెక్టేనా?

తులంబిళ్ళ:
చెవి విషయంలో నేను తప్పు, ఒప్పుకుంటున్నా. చెంప మాత్రం అరుగుదలే. 58.

గీతలవేట:
అక్కడే నాకు అభ్యంతరం. ఆ మూటలో రూపాయలు ఒకదాని మీద ఒకటి దశాబ్దాలుగా ఒరుసుకున్నాయి. బజార్లో చేతులు మారడం వేరు, మూటలో రాసుకోవడం వేరు. సర్టిఫికేట్ ఇచ్చే పెద్ద కంపెనీలే ఇలాంటి రాపిడిని చాలాసార్లు చూసీచూడనట్టు వదిలి 61, 62 వేస్తాయి. నేనైతే 61 అంటాను.

తులంబిళ్ళ:
పోయిన వెండి జేబులో పోయిందా, మూటలో పోయిందా అని చెంపకేం తెలుసు? వెలుగు తెగింది, అంతే. పైగా 58 అంటే చిన్నతనం ఎందుకండీ? మంచి మెరుపున్న 58ని, ఒళ్లంతా దెబ్బలున్న 60ని పక్కపక్కన పెడితే నేను కళ్లు మూసుకుని 58 తీసుకుంటా. ఈ 70 అంకెల లెక్క 1949లో షెల్డన్ అనే ఆయన అమెరికా రాగి సెంట్ల కోసం వేసుకున్నది, దాన్ని తెచ్చి మన రూపాయి నెత్తిన పెట్టుకుని కొట్టుకుంటున్నాం.

వెండిపిచ్చి:
హహ, కళ్లు మూసుకుంటే మెరుపెలా కనిపిస్తుందండీ.

పాతరూపాయి:
ఇంకో చిక్కు. అదే మూటలో మరో 1918 ఉంది, చుక్క ఉన్నది. చెవి పైన జుట్టు పాయలు పాయలుగా లెక్కపెట్టొచ్చు, ఏనుగుకి తొండం, కాలు కూడా విడిగా తెలుస్తున్నాయి. కానీ ఎవరో బాగా తోమారు, మా అమ్మమ్మే అయ్యుంటుంది. ఇప్పుడు దీనికెంత?

గీతలవేట:
దానికి అంకె రాదండీ. సర్టిఫికేట్ కంపెనీవాళ్లు "డీటెయిల్స్, క్లీన్డ్", అంటే బొమ్మ బాగానే ఉంది గానీ తోమేశారు అని రాసి పంపిస్తారు.

తులంబిళ్ళ:
ఈ ఒక్కదానికీ గీతలవేట గారితో నాకు పేచీ లేదు. రెండిటినీ మళ్లీ ఒకే మూటలో మాత్రం కట్టకండి.