మోటార్ బేరింగ్ దగ్గర ఎంఎల్ఎక్స్90614 సెన్సర్ పెడితే 1037.55 డిగ్రీలు చూపిస్తోంది

ప్రశ్న:
రైస్ మిల్లు మోటార్ బేరింగ్ వేడి చూడటానికి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌కి జీవై-906 బోర్డు (తాకకుండా వేడి కొలిచే ఎంఎల్ఎక్స్90614 ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఉన్నది) కలిపాను. మధ్యలో 3 మీటర్ల రిబ్బన్ వైరు. సెన్సర్‌కీ బేరింగ్‌కీ 10 సెం.మీ. దూరం. స్కాన్‌లో సెన్సర్ అడ్రస్ 5ఎ కనిపిస్తోంది. కానీ ఉండుండి 1037.55 వస్తోంది. మిగతా సమయంలో 41 చూపిస్తోంది, అదే చోట కాంటాక్ట్ థర్మామీటర్ 63 అంటోంది. సెన్సర్ పోయిందంటారా?

జవాబు 1:
సెన్సర్ బాగానే ఉందండీ. 1037.55 అసలు ఉష్ణోగ్రతే కాదు. సెన్సర్ నుంచి చదివే సంఖ్యలో 16 బిట్లూ ఒకట్లే అయితే 65535. దాన్ని 0.02తో గుణించి 273.15 తీసేస్తే సరిగ్గా అదే వస్తుంది. ఆ క్షణంలో సెన్సర్ నుంచి జవాబు రాలేదు, పుల్-అప్ (లైనును వోల్టేజీకి లాగి ఉంచే రెసిస్టర్) వల్ల డేటా లైను హై స్థాయిలోనే, అంటే అన్నీ ఒకట్లుగానే ఉండిపోయింది. త్రీఫేజ్ మోటార్ పక్కన 3 మీటర్ల ఐ2సీ (చిప్‌ల మధ్య డేటా పంపే పద్ధతి) వైరు నిలబడదు, 30 సెం.మీ. లోపు ఉంచండి. ఈ చిప్ హద్దు 100 కిలోహెర్ట్జ్. కాన్ఫిగ్‌లో 400 ఉంటే 50కి దించండి. వీసీసీ (సెన్సర్ బోర్డుకిచ్చే కరెంటు) 3.3 వోల్టుల పిన్ను నుంచే తీసుకోండి. 5 వోల్టులు ఇస్తే కొన్ని బోర్డుల్లో పుల్-అప్‌ల గుండా రాస్ప్‌బెర్రీ పై పిన్నులకు చేరే ప్రమాదం ఉంది.

జవాబు 2:
41కీ 63కీ తేడా వైరుది కాదు, సెన్సర్ చూపుది, అంటే అది ఎంత వెడల్పు చూస్తుందన్నది. మీ సెన్సర్ బీఏఏ రకమైతే దాని చూపు 90 డిగ్రీలు. 10 సెం.మీ. దూరం నుంచి 20 సెం.మీ. వలయాన్ని చూసి సగటు చెబుతుంది, అందులో చల్లటి గోడ కూడా కలుస్తుంది. బేరింగ్ కవర్ ఎంత వెడల్పు? మెరిసే లోహమా, పెయింట్ ఉందా?

ప్రశ్న అడిగినవారు:
8 సెం.మీ. అండీ. పాలిష్ స్టీలు.

జవాబు 2:
అయితే రెండు తప్పులూ కలిశాయి. 3 సెం.మీ. దగ్గరికి జరిపితే వలయం 6 సెం.మీ. అవుతుంది. మెరిసే స్టీలు తన వేడి చెప్పదు, ఎదురుగా ఉన్నదాని వేడిని అద్దంలా తిప్పి పంపుతుంది. ఆ వలయం మొత్తం నిండేలా మ్యాట్ నలుపు హీట్ పెయింట్ వేయండి. ఎమిసివిటీ రిజిస్టర్‌ని (ఉపరితలం ఎంత బాగా వేడి వెదజల్లుతుందో చెప్పే సెట్టింగ్‌ని) ముట్టుకోకండి: ముందు సున్నా రాసి చెరపాలి, తర్వాతే కొత్త విలువ రాయాలి. మధ్యలో కరెంటు పోతే తప్పు విలువ నిలిచిపోతుంది.

జవాబు 3:
ఒక్క మాట కలుపుతాను. మరీ దగ్గరికి జరిపితే మోటార్ వేడి సెన్సర్ డబ్బాను ఒక పక్కే కాలుస్తుంది, అప్పుడూ రీడింగ్ తప్పుతుంది. 35 డిగ్రీల బీసీసీ రకం దొరికితే 10 సెం.మీ. నుంచే 6.3 సెం.మీ. వలయం వస్తుంది, నేనైతే అదే కొంటాను. రాస్ప్‌బెర్రీ పై అక్కడిదాకా రాలేకపోతే సెన్సర్ పక్కన ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్) పెట్టి రీడింగ్‌ని వైఫైలో పంపండి. కోడ్‌లో రెండు బైట్లు కాక మూడు చదవండి, మూడోది పీఈసీ, అంటే డేటా సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునే తనిఖీ బైటు. సీఆర్‌సీ-8 అనే తనిఖీ లెక్కతో అది కుదరని రీడింగ్‌ని పారేయండి.