సూళ్లూరుపేటకు ఫ్లెమింగో పండగప్పుడు వెళ్లాలా, మామూలు రోజుల్లోనా?

భవానీనగర్, తిరుపతి

జనవరిలో పులికాట్ సరస్సు చూద్దామని ఇంట్లో అనుకుంటున్నాం. మేమిద్దరం, ఎనిమిదో తరగతి చదివే పాప, అయిదేళ్ల బాబు, మా అత్తయ్య. మాకు కారు లేదు. మా ఆయన సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పక్షుల పండగకే వెళ్దామంటారు, ఆ రోజుల్లో బస్సులుంటాయి, పిల్లలకు సందడిగా ఉంటుందని. ఆ జనంలో పక్షులేం కనపడతాయి, మామూలు రోజు వెళ్లండని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. ఏది మంచిది? రాత్రికి అక్కడ ఉండాలా, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చా?

శ్రీకాళహస్తి టీచర్

పండగకే వెళ్లండమ్మా. 2001లో మొదలైన ఈ పండగ మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయి, 2025 జనవరిలో 18 నుంచి 20 వరకు మళ్లీ జరిగింది. మా బడి పిల్లల్ని తీసుకెళ్లాను. పక్షుల గురించి చెప్పేవాళ్లు ఉంటారు, దూరదర్శినిలో చూపిస్తారు. కారు లేని కుటుంబం నేలపట్టు పక్షుల కేంద్రం దాకా పోవాలంటే మామూలు రోజుల్లో ఎంత తిప్పలో మీకు తెలీదు. పండగ రోజుల్లో ఆ టెన్షన్ ఉండదు. మా పిల్లల్లో చాలామంది తమ జిల్లాలో ఇంత పెద్ద సరస్సు ఉందని అక్కడికి పోయాకే తెలుసుకున్నారు. ఆ ఒక్క మేలు చాలు నాకు.

సూళ్లూరుపేట వాసి

సార్ చెప్పింది పిల్లల గుంపుకు సరిపోతుంది, ఈ కుటుంబానికి సరిపోదని నా గట్టి అభిప్రాయం. మా ఊరి పండగంటే నాకూ ఇష్టమే. కానీ ఆ మూడు రోజులు ఊళ్లో స్టాళ్లు, వేదిక మీద పాటలు, రోడ్ల నిండా బండ్లు. సాయంత్రం పూట చూడాల్సింది అవే. పక్షుల్ని చూడాల్సింది పొద్దున, అదీ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు.

అక్కా, ముందు ఒక సంగతి తెలుసుకోండి. చాలామంది ఇక్కడే పొరపడతారు. నేలపట్టు వేరు, పులికాట్ వేరు. నేలపట్టు దొరవారిసత్రం మండలంలో, మా ఊరికి నాయుడుపేట వైపు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అది చెరువు. నీళ్లలో నిలబడిన కణప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెడతాయి, వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. 1976 నుంచి అది రక్షిత కేంద్రం. డిసెంబరు, జనవరిలో వెళ్తే గూళ్లలో పిల్లలు, వాటి నోటికి మేత అందించే తల్లులు కనపడతాయి. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని అక్కడి రైతుల నమ్మకం, అందుకే వాళ్లే వాటిని కాపాడుకుంటూ వచ్చారు. మీ అత్తయ్యగారికి ఈ మాట చెప్పండి, చెరువును చూసే తీరే మారిపోతుంది.

ఫ్లెమింగోలు మాత్రం ఇక్కడ గూళ్లు పెట్టవు. మేత కోసం వస్తాయి. అవి దొరికేది పులికాట్‌లో, మా ఊరి నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా పోయే రోడ్డుకు రెండు వైపులా. మోకాలి లోతు నీళ్లలో తల ముంచి మేస్తుంటాయి. అక్కడ హారన్ కొడుతూ, దగ్గరి నుంచి ఫోటో కావాలని నీళ్లలోకి దిగే జనం ఉంటే అవి లేచి దూరం పోతాయి. పండగ రోజుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. చూడ్డానికి వచ్చినవాళ్లే తరిమేస్తుంటే నాకు కడుపు మండుతుంది.

ఇంకో సంగతి. అందరూ ఆ మూడు రోజులే వచ్చి, మిగతా సీజనంతా ఎవరూ రాకపోతే ఊళ్లో ఆటో నడిపేవాడికి, మెస్సు పెట్టుకున్నామెకు ఏం మిగులుతుంది? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారానికి కొన్ని కుటుంబాలు వచ్చినా చాలు, ఇక్కడ మంచి గదులు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు వాటంతటవే వస్తాయి.

శ్రీకాళహస్తి టీచర్

గూళ్లు, మేత తేడా బాగా చెప్పారు. కానీ మీరు అక్కడే పుట్టి పెరిగారు, ఆటో మాట్లాడుకోవడం మీకు చిటికెలో పని. ఒక పెద్దావిడ, చిన్నపిల్లాడితో కొత్త ఊళ్లో దిగినవాళ్ల సంగతి ఆలోచించండి. ఆ మూడు రోజుల్లో పోలీసులు, వైద్య శిబిరం, తాగునీళ్లు దగ్గర్లోనే ఉంటాయి. ఇది చిన్న విషయం కాదు. హారన్లు, తొక్కిసలాట అంటారా, దానికి మందు పండగ మానేయడం కాదు, రోడ్డు మీద వాహనాలకు హద్దు పెట్టడం.

చిత్తూరు కెమెరా

మీరిద్దరూ తేదీ గురించి వాదిస్తున్నారు, నీళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. పులికాట్ అంతా ఈశాన్య రుతుపవనాల మీదే ఆధారపడుతుంది. అక్టోబరు, నవంబరు వానలు సరిగ్గా పడకపోతే ఉత్తరపు అంచులు త్వరగా ఎండిపోతాయి, పక్షులు ఇటు రావు. తుపాను వచ్చి నీళ్లు మరీ లోతయినా ఫ్లెమింగోలు లోతు తక్కువున్న చోటు వెతుక్కుని పోతాయి. పండగైనా, మామూలు రోజైనా, బయల్దేరే ముందు వారంలో అక్కడివాళ్లని ఒక మాట అడగండి.

ఎండిన అంచు గట్టి నేలలా కనిపిస్తుంది కానీ కింద అడుసు. పిల్లల్ని రోడ్డు దిగనివ్వొద్దు. ఆ రోడ్డు మీద నీడ కూడా ఉండదు. టోపీ, నీళ్లు, బైనాక్యులర్ ఉండాలి. ఫోన్‌తో ఫ్లెమింగో ఫోటో రాదు, దాని కోసం టైమ్ వృథా చేసుకోకండి.

నాయుడుపేట

రాకెట్ ప్రయోగం ఉన్న రోజు చూసుకోండి. శ్రీహరికోట రోడ్డంతా బండ్లే, తనిఖీలు కూడా ఉంటాయి. ప్రయోగమే చూడాలనుకుంటే 2019లో తెరిచిన గ్యాలరీకి ఇస్రో వెబ్‌సైట్‌లో ముందే పేరు నమోదు చేసుకోవాలి. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

భవానీనగర్, తిరుపతి

అందరికీ థాంక్స్. తమ్ముడూ (సూళ్లూరుపేట), టీచర్ గారన్నట్టు మా అత్తయ్య గురించే నా భయం. ఆమెకు మోకాళ్ల నొప్పులు. మామూలు రోజు అయితే ప్రయాణం ఎలా వేసుకోవాలి?

సూళ్లూరుపేట వాసి

అక్కా, ఒక రాత్రి ఉండండి. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేద్దామంటే కుదరదని కాదు. కానీ తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా బస్సులో మా ఊరికి వచ్చేసరికి ఎండ ఎక్కుతుంది.

మధ్యాహ్నం తిరుపతిలో బయల్దేరి సాయంత్రానికి సూళ్లూరుపేట రండి. బస్టాండు దగ్గర్లో లాడ్జిలున్నాయి, గొప్పగా ఉండవు. గది చూశాకే డబ్బులివ్వండి, కింది అంతస్తు అడగండి. రాత్రికి చెంగాళమ్మ గుడికి వెళ్లొచ్చు. ఆ గుడికి తలుపులు వేయరు, ఏ వేళైనా దర్శనమే, మీ అత్తయ్యగారికి తొందర ఉండదు. భోజనంలో చేప తినేవాళ్లయితే పులికాట్ మడవ పులుసు ఉందేమో అడగండి.

ఆ రాత్రే ఆటో మాట్లాడుకోండి, రెండు చోట్లకూ, ఆగే సమయంతో కలిపి ఒకే రేటు. తెల్లవారక ముందే శ్రీహరికోట రోడ్డు. అక్కడ మీ అత్తయ్యగారు ఆటోలో కూర్చునే పక్షుల్ని చూడొచ్చు, నడిచే పనే లేదు. షార్ (ఇస్రో రాకెట్ కేంద్రం) గేటు దాకా పోనక్కర్లేదు, అనుమతి లేనిదే లోపలికి పంపరు. టిఫిన్ అయ్యాక నేలపట్టు. వాచ్ టవర్ ఎక్కకపోయినా చెరువు కట్ట మీద నుంచి గూళ్లు కనపడతాయి. అక్కడి నుంచి ఆటోను నాయుడుపేటలో వదిలేసి తిరుపతి బస్సెక్కేయండి, మళ్లీ మా ఊరికి రానక్కర్లేదు.

తడ దగ్గర భీమునివారిపాళెంలో బోటు షికారు ఉంటుంది. దాన్ని ఈసారికి వదిలేయండి, చిన్నపిల్లాడితో ఒకే రోజులో మూడు చోట్లు ఎక్కువ. సార్ చెప్పిన ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, వైద్యం సంగతి. మందులు తిరుపతిలోనే కొని పెట్టుకోండి.

శ్రీకాళహస్తి టీచర్

ఈ పద్ధతి బాగుంది, కాదనను. అయినా బడి పిల్లల్ని మాత్రం నేను పండగకే తీసుకెళ్తాను. యాభై మందికి ఆటోలు మాట్లాడలేను కదా.

భవానీనగర్, తిరుపతి

సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చే మంగళ, బుధవారాలు అనుకుంటున్నాం. పాపకు రోజున్నర బడి పోతుంది, పరవాలేదు. తమ్ముడూ, అంతకు ముందు వారం నీళ్లెలా ఉన్నాయో ఇక్కడే ఒక్క మాట రాయి.