పండు ఇంకా తోక ఊపుతూనే ఉన్నాడు. నేనెలా నిర్ణయించుకోను?

పండువాళ్ళనాన్న:

మా పండుకి పద్నాలుగేళ్ళు నిండాయి. లాబ్రడార్ కలిసిన జాతి కుక్క. మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా చెప్పుల డబ్బాలో పట్టేంత పిల్లగా వచ్చాడు. ఇప్పుడు అమ్మాయి కాలేజీ హాస్టల్లో ఉంది, వీడేమో నాకంటే పెద్దవాడైపోయాడు.

ఏడాదిగా కిడ్నీలు పాడవుతూ వస్తున్నాయి. ఎన్నిసార్లు రక్తపరీక్ష చేయించినా క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరగడమే తప్ప తగ్గడం లేదు. రెండు రోజులకోసారి చర్మం కింద సెలైన్ ఎక్కిస్తున్నాం. నేనే నేర్చుకున్నాను (మొదటి రోజు సూది గుచ్చినప్పుడు వాడు కదల్లేదు, నేనే అరిచాను). వెనక కాళ్ళు పట్టు తప్పాయి. పొట్ట కింద తువ్వాలు వేసి ఎత్తి పట్టుకుంటే బయటికి నడుస్తాడు. ఇవేవీ నాకు కష్టం కాదు.

రాత్రిళ్ళే భరించలేకపోతున్నాను. రెండింటికి లేచి ఇల్లంతా తిరుగుతాడు, టైల్స్ మీద గోళ్ళు టకటకమంటాయి. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగుతుంది. వెళ్ళి చూస్తే వీధి తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. గడియ వైపు కాదు, మడతబందుల వైపు. తలుపు అటునుంచే తెరుచుకుంటుందన్నట్టు ఆ సందుకి ముక్కు ఆనించి ఎదురుచూస్తుంటాడు. పద్నాలుగేళ్ళపాటు రోజుకి నాలుగుసార్లు దాటిన తలుపు అది.

ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి లేకుండా వాణ్ణి పంపించేయడం గురించి డాక్టర్ గారు "మీరు ఎప్పుడంటే అప్పుడు" అన్నారు. ఆ మాటే నన్ను తినేస్తోంది. పొద్దున నేను చెప్పులు వేసుకుంటే చాలు, పడుకున్నచోటే తోక నేలకేసి కొడతాడు. అలాంటివాణ్ణి నేను ఎలా పంపించేది? "వాడే చెబుతాడు, కళ్ళల్లో తెలిసిపోతుంది" అని అందరూ అంటున్నారు. నాకేమీ తెలియడం లేదు.

ఇంకో సంగతి. అమ్మాయికి నెలాఖరు దాకా పరీక్షలు. మా ఆవిడ అన్నీ అయ్యాక చెబుదామంటోంది. మీరేమంటారు?

మూడుకుక్కలమ్మ:

"వాళ్ళే చెబుతారు" అన్న మాట నమ్మి నేను రెండు వారాలు ఆలస్యం చేశాను. మాది చెప్పలేదు. కుక్క నొప్పిని అరిచి చెప్పదండీ. ఊరికే పడుకున్నప్పుడు కూడా రొప్పడం, ఒకచోట కుదురుగా ఉండలేక మాటిమాటికీ లేవడం, ఒకే చోట నాక్కుంటూ ఉండడం, మంచం కిందకి దూరి ఒంటరిగా ఉండిపోవడం, ఇలాంటివే చూసుకోవాలి. తోక అంటారా, అది మిమ్మల్ని చూసి ఊపుతాడు. తన ఒళ్ళు బాగుందని కాదు.

ఆలిస్ విల్లాలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు ఒక మార్కుల పద్ధతి పెట్టారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అనేది. ఒక్కోదానికి పదికి ఎన్ని అని వేయాలి, ఎక్కువ మార్కులంటే బాగున్నట్టు. మొత్తం 35 దాటితే ఇంకా చూసుకోవచ్చని లెక్క. అయితే ఒక్కరే వేయకండి. నేను 41 వేశాను, మా అబ్బాయి నాది చూడకుండా 26 వేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడిదే నిజం.

చూడలేక మన ఇంట్లో ఉండే నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. ఐబుప్రోఫెన్ లాంటివి మామూలు కుక్కకే విషం, కిడ్నీలు పోయినవాడికి చెప్పక్కర్లేదు.

తెల్లకోటుపక్కన:

పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. రాత్రి తిరగడం, గోడల వైపు చూస్తూ నిలబడిపోవడం, తలుపుకి తప్పు వైపు నిలబడడం, ఇవి ముసలి కుక్కల్లో మతిమరుపు జబ్బులో తరచూ కనబడేవే. చూపు తగ్గినా, నొప్పి ఉన్నా కూడా ఇలా చేస్తాయి కాబట్టి డాక్టర్ గారికి ఈ సంగతి విడిగా చెప్పండి. ఈలోగా టైల్స్ మీద జారని మ్యాట్లు పరిచి, రాత్రి చిన్న లైటు వెలిగించి ఉంచండి.

ఆ రోజు ఏం జరుగుతుందో చాలామందికి ముందే చెప్పరు, అందుకే చెబుతున్నాను. సాధారణంగా ముందు మత్తు ఇస్తారు. కాసేపట్లో మగతగా పడుకుంటాడు. తర్వాత కాలి నరంలోకి మత్తుమందే ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు. చాలాసార్లు ఒకటి రెండు నిమిషాల్లో గుండె ఆగిపోతుంది. కళ్ళు మూతపడవు. ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు శ్వాస తీసుకున్నట్టు కనబడొచ్చు, కండరాలు అదరొచ్చు, మూత్రం పోవచ్చు. అవి ఒళ్ళు చేసే పనులే, వాడికి తెలియదు. కింద ఒక పాత దుప్పటి వేయండి. ఇంటికి వచ్చే డాక్టర్ దొరికితే ఇంకా మంచిది, బల్ల మీద ఎక్కించే టెన్షన్ వాడికి ఉండదు.

నిదానం:

ప్రాణం పోసింది మనం కాదు, తీసే హక్కు మనకెక్కడిది? సహజంగా పోనివ్వండి.

తెల్లకోటుపక్కన:

మీ బాధ అర్థమైంది. కానీ కిడ్నీలు పోయి సహజంగా పోవడమంటే నిద్రలో పోవడం కాదండీ. వాంతులు, నోట్లో పుండ్లు, ఒక్కోసారి ఫిట్స్. రోజుల తరబడి. నేను చూశాను.

వెనకబెంచీ:

అమ్మాయి సంగతి నేను చెబుతాను, ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలాంటి అమ్మాయినే. మావాళ్ళు పరీక్షలయ్యాక చెబుదామనుకున్నారు. నేను బ్యాగుతో గేటు తీసి, అలవాటుగా పేరు పెట్టి పిలిచాను. ఇంట్లోంచి ఎవరూ మాట్లాడలేదు. అమ్మ బయటికొచ్చిన తీరు చూసి అర్థమైంది. ఆ పేపర్లలో ఎన్ని మార్కులొచ్చాయో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఆ గేటు దగ్గర నిలబడడం మాత్రం గుర్తుంది. చెప్పండి. రావాలో వద్దో తనే చూసుకుంటుంది.

పండువాళ్ళనాన్న:

అందరికీ కలిపి రాస్తున్నాను, ఏమనుకోకండి.

మార్కులు వేశాం. నాది 38. మా ఆవిడ కాగితం మడిచి ఇచ్చింది, 22. పోట్లాడబోయాను. "నువ్వు సెలైన్ పెట్టేటప్పుడు వాడి వీపు చూస్తావు, నేను మొహం పట్టుకుని ఉంటాను" అంది. ఇంకేం మాట్లాడను?

అమ్మాయికి ఫోన్ చేశాను. "తెలుసు నాన్నా, వీడియో కాల్‌లో నేను పిలిస్తే గోడ వైపు చూస్తున్నాడు" అంది. రెండు పేపర్ల మధ్య సెలవుందట, శనివారం రాత్రికి వస్తోంది. ఆదివారం పొద్దున డాక్టర్ గారు ఇంటికే వస్తానన్నారు. తలుపు దగ్గర నిలబడే సంగతి కూడా ఆయనకి చెప్పాను.

నిన్న రాత్రి మళ్ళీ మడతబందుల వైపు నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ భుజాలు పట్టుకుని ఇటు తిప్పేవాణ్ణి. నిన్న తిప్పలేదు. నేనే వెళ్ళి ఆ మూలలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. చాలాసేపటికి కాళ్ళు మడిచి, నా మోకాలి మీద గడ్డం పెట్టి పడుకున్నాడు. రొప్పుతూనే ఉన్నాడు.