నల్లగా ఒకటి, నారింజగా ఒకటి: ఈ హోవర్‌ఫ్లైలు రెండు జాతులా, ఒకటేనా?

పెరటిపిల్లి:
వసంతం మొదలైనప్పటి నుంచి పూల మీద వాలే ఒక రకం ఈగలైన హోవర్‌ఫ్లైలను నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. మొదటి వారం కందిరీగలనుకుని దూరంగా నిలబడ్డాను, అది వేరే సంగతి. రెండే రెక్కలు, పొట్టి మీసాలు, తలంతా కళ్లు, గాల్లో ఉన్నచోటే ఆగిపోవడం. అంతవరకు పట్టేశాను. పేచీ అంతా పొట్ట మీది చారల దగ్గరే. "నారింజ పొట్ట, నల్ల చారలు" అని ఒకటి, "నల్ల పొట్ట, సన్నని నారింజ చారలు" అని ఇంకొకటి రాశాను. చలి పోని రోజుల్లో నల్లవే కనిపించాయి, ఇప్పుడు నారింజవి ఎక్కువ. ఇంకొకదానికి నల్ల పొట్ట మీద పసుపు పట్టీలున్నాయి. పుస్తకంలో అలాంటివే అరడజను చూసి టెన్షన్ పట్టుకుంది. మొత్తం ఏడు రకాలని లెక్క తేల్చాను. సరేనా?

దొంగఈనె:
రంగు పక్కన పెట్టి ఒక్కటి చూసి చెప్పండి. పొట్ట మధ్యలో ఉన్న ఖండాల మీద ఒక్కోదానికి రెండేసి నల్ల పట్టీలున్నాయా? వెనక అంచున లావుది, దాని ముందు మీసకట్టులా సన్నది?

పెరటిపిల్లి:
ఫోటోలు పెద్దవి చేసి చూశానండి. రెండింటికీ ఉన్నాయి! నల్లదానిలో మీసకట్టు కాస్త లావుగా ఉంది, అంతే.

దొంగఈనె:
అయితే రెండూ ఒకటే, ఎపిసిర్ఫస్ బాల్టియాటస్. ప్యూపాగా (పురుగు రెక్కల ఈగగా మారే ముందు గూటి దశలో) ఉన్నప్పుడు చలి తగిలితే నలుపు పెరుగుతుంది, వెచ్చగా ఉంటే నారింజ పెరుగుతుంది. అందుకే మీకు ముందు నల్లవి కనిపించాయి. నేనూ మొదటి ఏడాది ఇలాగే రెండు పేర్లు రాసి మురిసిపోయాను. రంగు వాతావరణాన్ని బట్టి మారుతుంది, చారల అమరికను నమ్ముకోండి. అసలు హోవర్‌ఫ్లైయేనా అని అనుమానం వస్తే రెక్క చూడండి. మధ్యలో ఎటూ సరిగ్గా కలవని ఈనె (రెక్కలో గీతలా కనిపించే నరం) ఒకటి ఉంటుంది. నా పేరు దాని నుంచి వచ్చిందే.

పేనుబంక:
పసుపు పట్టీలది సిర్ఫస్ అనే ప్రజాతిది (దగ్గరి జాతుల గుంపు) కావచ్చు. అక్కడ చారలొక్కటే చాలవండి. ముందు కళ్లు చూడండి. నడినెత్తిన రెండూ కలిసిపోతే మగది, మధ్యలో ఖాళీ ఉంటే ఆడది. ఆడదైతే వెనక తొడ చూడాలి. మొత్తం పసుపైతే సిర్ఫస్ రిబెసీ వైపు మొగ్గవచ్చు. చాలావరకు నలుపైతే విట్రిపెన్నిస్ లాంటి వేరే సిర్ఫస్‌లు వరుసలో ఉంటాయి. మగదైతే ఫోటోతో తేల్చడం కష్టం. పట్టీలు కాకుండా కామా గుర్తుల్లా విడివిడిగా ఉంటే సిర్ఫస్ కాదు, యూపియోడిస్ అనే ఇంకో ప్రజాతి వైపు వెతకండి. పైనుంచి ఒక్క ఫోటో తీసి ఆపేయకండి, పక్కనుంచి కాళ్లు కూడా పడాలి.

పెరటిపిల్లి:
పొద్దున మళ్లీ దొరికింది. పక్కనుంచి తీయబోతే నా వేలి మీదే వాలింది. కుట్టదని తెలిసినా చెయ్యి వణికి ఫోటో పాడైంది. రెండోసారి మాత్రం నెత్తి బాగా పడింది: కళ్లు అతుక్కునే ఉన్నాయి. "సిర్ఫస్, మగది, జాతి తేలలేదు" అని రాశాను. నల్లది, నారింజది కలిపి ఒకే గీత కింద పెట్టాను. లెక్క ఏడు నుంచి ఆరుకు దిగింది. మిగతా నాలుగింటి ఫోటోల్లో ఒక్కదానికీ కాళ్లు లేవు.