భయపెట్టి మద్యం మానిపించే మాత్ర: వాడవచ్చా, వాడకూడదా?

ప్రశ్న (రోగి అక్క)

మా తమ్ముడు చాలా ఏళ్ళుగా మద్యానికి బానిసై, ఈ మధ్యే ఆసుపత్రిలో చేరి, తాగుడు ఆపినప్పుడు వచ్చే వణుకు, నిద్రలేమి, ఆందోళన అన్నీ దాటుకుని ఇంటికి వచ్చాడు. డైసల్ఫిరామ్ అనే మాత్ర మొదలుపెట్టే విషయం ఆలోచించుకొమ్మని మానసిక వైద్యులు చెప్పారు. ఆ మాత్ర వేసుకుంటున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, తల పగిలిపోతున్నట్లు నొప్పి వచ్చి, వాంతులై, గుండె దడ పుడుతుందట. తమ్ముడికి చెప్పకుండా భోజనంలో కలిపి పెడితే పని సులువవుతుందని నాన్నగారు అంటున్నారు. మనిషిని భయపెట్టి మానిపించడం వైద్యమే కాదని, ఆ భయం పోయిన మర్నాడే మళ్ళీ మొదలుపెడతాడని అమ్మ వాదన. తమ్ముడు మాత్రం ఇంకా ఏమీ తేల్చుకోలేదు. ఈ మాత్రను సమర్థించేవారూ వ్యతిరేకించేవారూ కారణాలతో సహా చెబితే మాకు మేలు చేసినవారవుతారు.

వ్యతిరేకిస్తున్న సభ్యుడు

మీ అమ్మగారి మాటతో నేను ఏకీభవిస్తాను. వ్యసనమంటే తాగాలనే కోరిక మనిషిని నడిపించే స్థితి. డైసల్ఫిరామ్ ఆ కోరికను ఏమాత్రం తగ్గించదు. తాగితే ఏమవుతుందో చూపించి బెదిరిస్తుంది, అంతే. బెదిరింపు నుంచి తప్పించుకోవడానికి రోగికి ఎంతో తెలివి అక్కరలేదు, మాత్ర మానేస్తే చాలు. 1986లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 605 మంది పురుషులపై జరిపిన పెద్ద అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. అందులో కొందరికి 250 మిల్లీగ్రాముల మాత్ర, కొందరికి పనిచేయనంత తక్కువగా 1 మిల్లీగ్రాము, మిగిలినవారికి డైసల్ఫిరామ్ లేకుండా కౌన్సెలింగ్ మాత్రమే ఇచ్చారు. ఏడాదిపాటు పూర్తిగా మద్యానికి దూరంగా ఉన్నవారి సంఖ్యలో ఈ మూడు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చెప్పినట్లు క్రమంగా మందు వేసుకున్నవారు మొత్తంమీద ఐదుగురిలో ఒకరే.

పైగా ఇప్పుడు వేరే మందులున్నాయి. అమెరికాలో మద్య వ్యసనానికి 1994లో నాల్ట్రెక్సోన్, 2004లో అకాంప్రోసేట్ అనుమతి పొందాయి. మొదటిది తాగినప్పుడు కలిగే ఆనందాన్ని తగ్గిస్తుంది, రెండవది మానినవారు మళ్ళీ తాగుడులో పడకుండా నిలబడడానికి తోడ్పడుతుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ముందు ఈ రెండింటినే సూచించాయి. మనసుకు సాయం చేసే మందులుండగా శరీరాన్ని శిక్షించే మందు దేనికి?

మద్య విముక్తి విభాగంలో పనిచేసే నర్సు

అన్నిటికంటే ముందు మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి. భోజనంలో రహస్యంగా కలపడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. రోగికి పూర్తిగా తెలియకుండా గానీ, మద్యం మత్తులో ఉన్నప్పుడు గానీ ఈ మందు ఇవ్వకూడదని దీని అధికారిక హెచ్చరికలోనే ఉంది. చివరిసారి తాగిన తర్వాత కనీసం 12 గంటలు గడిస్తేగాని మొదటి మాత్ర వేయకూడదు. మందు సంగతి తెలియని మనిషి అలవాటుగా నాలుగు పెగ్గులు తాగితే రక్తపోటు పడిపోయి, గుండె లయ తప్పి, ప్రాణం పోయే ప్రమాదముంది. అంతటి బాధ ఎందుకొచ్చిందో తెలియనప్పుడు అతను నేర్చుకునే పాఠం కూడా ఏమీ ఉండదు. నాన్నగారి ఆవేదన నాకు అర్థమవుతుంది, కానీ ఆ పని వైద్యం పేరుతో చేసే హానే అవుతుంది.

ఇక వ్యతిరేకించిన సభ్యుడి వాదన. కాలేయం మద్యాన్ని ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మార్చి, ఆ వెంటనే మరో ఎంజైమ్ సాయంతో దానిని హానిలేని ఎసిటేట్‌గా మారుస్తుంది. డైసల్ఫిరామ్ ఆ రెండవ ఎంజైమ్‌ను పనిచేయనివ్వదు గనుక విషం రక్తంలో పేరుకుపోతుంది. మీరు రాసిన లక్షణాలన్నీ దానివల్ల వచ్చేవే. తూర్పు ఆసియా వాసుల్లో చాలామందికి పుట్టుకతోనే ఈ ఎంజైమ్ బలహీనంగా ఉంటుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం సంక్రమించినవారు మద్యానికి బానిసలు కావడం చాలా అరుదు. కోరికను ముట్టుకోకుండా శరీరం పెట్టే అడ్డు కూడా మనిషిని కాపాడగలదనడానికి ఇంతకంటే మంచి రుజువు నాకు తెలియదు.

1986 అధ్యయనాన్ని కూడా చివరిదాకా చదవాలి. తిరిగి తాగినవారిలో, ఇంటర్వ్యూలన్నిటికీ హాజరైనవారిని తీసుకుంటే, 250 మిల్లీగ్రాములు ఇచ్చినవారు ఏడాదిలో సగటున 49 రోజులు తాగారు; 1 మిల్లీగ్రాము వారు సుమారు 75 రోజులు, డైసల్ఫిరామ్ ఇవ్వనివారు సుమారు 86 రోజులు. అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. ఈ మందు పనిచేసేది ‘వేసుకున్నాను, ఇక తాగలేను’ అన్న ఎరుక ద్వారా. ఎవరికి అసలు మందు వెళ్ళిందో దాచిపెట్టి పరీక్షిస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ అదే భయం ఉంటుంది, కాబట్టి తేడా చెరిగిపోతుంది. 2014లో 22 ప్రయోగాలను కలిపి విశ్లేషించినప్పుడు సరిగ్గా ఇదే బయటపడింది: ఏ మందు ఇస్తున్నారో అందరికీ తెలిసిన ప్రయోగాల్లో డైసల్ఫిరామ్ మేలు చేసింది, దాచి చేసిన ప్రయోగాల్లో చేయలేదు.

మాత్రను ఎవరో ఒకరి ఎదుట వేసుకోవడం అందుకే కీలకం. మా విభాగంలో దంపతులకు నేర్పే పద్ధతి ఇది. ఉదయం ఒకే వేళకు అతనే మాత్ర తీసి, నీళ్ళలో వేసి కలిపి, ఆమె చూస్తుండగా తాగుతాడు. ‘ఈ రోజుకు నా నిర్ణయం ఇది’ అని అతనంటాడు, ‘సంతోషం’ అని ఆమె అంటుంది. ఆ తర్వాత రోజంతా తాగుడు ప్రస్తావన ఎవరూ తేకూడదు. నోరు వాసన చూడడం, జేబులు వెతకడం ఉండవు. ఇలా తోడున్నవారి సాయంతో మాత్ర వేయించే పద్ధతిపై 1982లో అమెరికాలో ఒక అధ్యయనం వెలువడింది. జీవిత భాగస్వామి ఉన్నవారికి ఆ ఏర్పాటే దాదాపు సరిపోయింది. ఒంటరిగా ఉన్నవారికి ఉపాధి, స్నేహాలు, కాలక్షేపం వంటివాటిలో కూడా సాయం కావలసివచ్చింది.

మాత్ర వేసుకుని మానిన వ్యక్తి

కోరిక తగ్గదన్న మాట నిజమే, కానీ బయటివారికి తెలియని సంగతొకటుంది. మద్యం మానాలనుకున్న మనిషి తలలో పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక వాదన నడుస్తూనే ఉంటుంది: ఈ ఒక్కసారికి ఏమవుతుంది, రేపటినుంచి మానేద్దాం, ఇవాళ చాలా కష్టపడ్డాం కదా అని. మాత్ర వేసుకున్న రోజున ఆ వాదనకు తావే లేదు. తాగడం కుదరదు, కాబట్టి ఆలోచించడానికీ ఏమీ మిగలదు. సాయంత్రం తాగే వేళ వచ్చినప్పుడు గుండెల్లో బరువుకు బదులు ఒక తెరిపి ఉండేది. నన్ను కౌన్సెలింగ్‌లో శ్రద్ధగా కూర్చోనిచ్చింది ఆ తెరిపే. దాన్ని శిక్ష అని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. దగ్గు సిరప్ సీసా కొన్నప్పుడు చుట్టూ ఉన్న చీటీలోని సన్నటి అక్షరాలు చదివి, ఆల్కహాల్ శాతం ఉంటే తిరిగి ఇచ్చేయాలి. నోరు పుక్కిలించే ద్రావణం, గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్ కూడా చూసి వాడాలి. కొన్ని వారాలు మధ్యాహ్నంపూట మగతగా ఉండేది, నోట్లో లోహపు రుచి ఉండేది. వైద్యులు మాత్రను రాత్రికి మార్చాక మగత తగ్గింది.

వ్యతిరేకిస్తున్న సభ్యుడు

మీ అనుభవాన్ని గౌరవిస్తాను, దాచి చేసే ప్రయోగాల గురించి నర్సుగారు చెప్పిన వివరణను కూడా ఒప్పుకుంటాను. అయినా ఒక అభ్యంతరం మిగిలే ఉంది. ఇంట్లోవాళ్ళు ‘మాత్ర వేసుకుంటావా, ఇల్లు విడిచి పోతావా’ అని నిలదీసినప్పుడు, యజమాని ఉద్యోగం పేరు చెప్పి బెదిరించినప్పుడు రోగి పెట్టే సంతకాన్ని సమ్మతి అనగలమా? తోడుండి వేయించడానికీ కాపలా కాయడానికీ మధ్య ఉన్న గీత చాలా సన్ననిది. ఎన్నో ఇళ్ళలో ఆ గీత మొదటి వారంలోనే చెరిగిపోతుందని నా భయం.

నర్సు

ఆ భయం న్యాయమైనదే, ఈ చర్చలో నాకు పూర్తి జవాబు లేని ప్రశ్న కూడా అదే. మేము చేయగలిగింది రోగితో విడిగా మాట్లాడడం. బలవంతం మీద ఒప్పుకున్నాడని తోస్తే మాత్ర మొదలుపెట్టవద్దని వైద్యులకు చెబుతాం. అలాంటివారికి మీరు చెప్పిన నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్‌లే తగినవి. కాలేయం బాగా దెబ్బతింటే నాల్ట్రెక్సోన్, మూత్రపిండాలు దెబ్బతింటే అకాంప్రోసేట్ కుదరకపోవచ్చు గనుక అవి కూడా పరీక్షలు చేశాకే ఇస్తారు.

గుండెజబ్బు తీవ్రంగా ఉన్నవారికీ, సైకోసిస్ (లేనివి ఉన్నట్లు తోచే తీవ్ర మానసిక వ్యాధి) ఉన్నవారికీ డైసల్ఫిరామ్ పనికిరాదు. అరుదుగానైనా ఇది కాలేయానికి ప్రాణాంతకమైన వాపు తెస్తుంది, కాబట్టి మొదలుపెట్టేముందు ఒకసారి, సుమారు రెండు వారాలకు మరోసారి కాలేయ పరీక్ష చేయించాలి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే మాత్ర ఆపి ఆసుపత్రికి రావాలి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌తో కలిస్తే మతిభ్రమ కలగవచ్చు. విరేచనాలకో పంటి నొప్పికో ఎవరైనా మందు రాస్తుంటే డైసల్ఫిరామ్ వాడుతున్న సంగతి ముందే చెప్పాలి.

రోగి అక్క

రహస్యంగా కలపడం ప్రాణాలకే ప్రమాదమని విన్నాక నాన్నగారు ఆ ఆలోచన మానుకున్నారు. తమ్ముడు పైన ఉన్నవన్నీ తనే చదివి, కాలేయ పరీక్ష ఫలితం చూశాక నిర్ణయం చెబుతానన్నాడు. ఒక్క సందేహం మిగిలింది. మొదలుపెట్టాక ఒకరోజు అతనే మాత్ర మానేస్తే మేమేం చేయాలి?

నర్సు

గొడవ చేయకండి. చివరి మాత్ర తర్వాత కూడా మందు ప్రభావం రెండు వారాల వరకు ఉండవచ్చు గనుక, ఆ లోపల తాగితే ప్రమాదమని మాత్రం గుర్తుచేయండి. మామూలుగా తాగాలన్న ఆలోచన పుట్టిన నిమిషాల్లోనే మనిషి తాగేస్తాడు. మాత్ర వాడుతున్నవాడు తాగాలంటే ముందు దాన్ని మానేసి కొన్ని రోజులు ఆగాలి, మాట్లాడడానికి మీకు దొరికే వ్యవధి అదే. అతను మాత్ర వద్దన్న రోజే కౌన్సెలర్‌కు ఫోన్ చేయండి. ఎందుకు వద్దనిపించిందో అతన్నే చెప్పనివ్వండి, వీలైతే ఆ వారంలోనే వెంటబెట్టుకుని తీసుకురండి.