బోదకాలుకు మూడు మందుల చికిత్స: ట్రయల్స్ ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:
ఐవర్‌మెక్టిన్, డీఈసీ (డైఇథైల్‌కార్బమజీన్), ఆల్బెండజోల్ మూడూ కలిపి ఇచ్చిన బోదకాలు ట్రయల్స్ (మనుషులపై మందుల పరీక్షలు) అన్నీ పోగుచేయాలండీ. ట్రయల్స్ నమోదుచేసే అమెరికా సైట్ క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో ఐవర్‌మెక్టిన్ అని కొడితే కొవిడ్ ట్రయల్సే కుప్పలుగా వస్తున్నాయి. మన దేశ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో డీఈసీ అని కొడితే పనికొచ్చేవి చేతికి రావడం లేదు. పొరపాటు ఎక్కడ?

జవాబు 1:
మందు పేరొక్కటే కొట్టడం వల్లే. కండిషన్ గడిలో లింఫాటిక్ ఫైలేరియాసిస్ (బోదకాలు), ఇంటర్వెన్షన్ గడిలో ఐవర్‌మెక్టిన్ పెట్టండి, కొవిడ్ గోల పోతుంది. రిక్రూటింగ్ (ఇంకా మనుషులను చేర్చుకుంటున్నవి) ఫిల్టర్ తీసేయండి. మీకు కావలసినవి చాలావరకు ముగిసినవే. మధ్యలో ఆగినవాటినీ వదలొద్దు, ఎందుకు ఆపారో ఆ పేజీలోనే రాస్తారు. స్టేటస్ 'అన్‌నోన్' అని ఉంటే ట్రయల్ ఆగిందని కాదు, ముగియాల్సిన తేదీ దాటినా రెండేళ్లకు పైగా వివరాలు సరిచూడలేదని.

జవాబు 2:
సీటీఆర్‌ఐలో పొట్టిపేర్లను నమ్ముకోవద్దు. డైఇథైల్‌కార్బమజీన్ అని పూర్తి స్పెల్లింగ్‌తో ఒకసారి, ఫైలేరియాసిస్ అని ఇంకోసారి వెతకండి. మన దేశంలో నమోదు తప్పనిసరి అయింది 2009 జూన్ 15 నుంచి, కాబట్టి అంతకుముందువి అక్కడ లేకపోతే జరగలేదని అనుకోకండి. రిజిస్ట్రేషన్ తేదీ పక్కన 'రెట్రోస్పెక్టివ్లీ' అని ఉంటే ట్రయల్ మొదలయ్యాక నమోదు చేశారన్నమాట. 2018 ఏప్రిల్ 1 నుంచి అలాంటివి తీసుకోవడం లేదు.

జవాబు 3:
ఒకే ట్రయల్‌ను రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉంది, జాగ్రత్త. హైతీ, ఫిజీ, ఇండియా, ఇండొనేసియా, పపువా న్యూగినీల్లో 26,836 మందితో జరిగిన భద్రతా అధ్యయనానికి ఎన్‌సీటీ నంబరూ (క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ ఇచ్చేది) ఉంది, సీటీఆర్‌ఐ నంబరూ ఉంది. సెకండరీ ఐడీ గడి చూసి కలిపేయండి. ఫలితాల కోసం ఆ నంబరునే కోట్స్‌లో పెట్టి వైద్య పేపర్ల సూచిక పబ్‌మెడ్‌లో వెతకండి.

ఫలితం చదివేటప్పుడు రక్తం ఏ వేళ తీశారో తప్పక చూడండి. మన దగ్గర బోదకాలు తెచ్చే వూషెరేరియా బాంక్రాఫ్టీ అనే పురుగు పిల్లపురుగులు రాత్రిపూటే వేలి రక్తంలోకి వస్తాయి. పగలు తీసిన బొట్టులో కనిపించలేదంటే మందు పనిచేసిందని కాదు. పపువా న్యూగినీలో 182 మందితో జరిగిన ట్రయల్‌లో ఏడాది తర్వాత మూడు మందులు ఒక్కసారి వేసుకున్నవారిలో 96% మందికి, రెండు మందులు (డీఈసీ, ఆల్బెండజోల్) ఒక్కసారి వేసుకున్నవారిలో 32% మందికి పిల్లపురుగులు పోయాయి. యాంటిజెన్ పరీక్ష అంకెలను వీటితో కలపకండి. అది పెద్దపురుగుల లెక్క.

ప్రశ్న అడిగినవారు:
రక్తం తీసిన వేళకు పట్టికలో వేరే గడి పెడుతున్నానండీ. డోసు రాయని ట్రయల్స్‌ను ఏం చేయాలి?

జవాబు 3:
తీసేయకండి, ఖాళీగా ఉంచండి. సాధారణంగా కిలో బరువుకు ఐవర్‌మెక్టిన్ 200 మైక్రోగ్రాములు, డీఈసీ 6 మిల్లీగ్రాములు, ఆల్బెండజోల్ మాత్రం అందరికీ 400 మిల్లీగ్రాములు. అలాగని ఊహించి నింపొద్దు, ప్రచురించిన పేపర్‌లో చూశాకే రాయండి.