న్యూటన్ లెక్క కుదిరింది పికార్ కొలత వల్లేనా?

ప్రశ్న: వస్తువుల్ని నేలకు లాగే బలమే చంద్రుణ్ణి కూడా భూమి చుట్టూ తిప్పుతోందా అని 1660ల్లో న్యూటన్ లెక్క వేసి చూస్తే పొసగలేదనీ, ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాఁ పికార్ భూమిని సరిగ్గా కొలిచాకే గురుత్వ సూత్రం నిలబడిందనీ చెబుతారు. నిజమేనా?

జవాబు 1: సగమే నిజమండి. న్యూటన్ అప్పుడు డిగ్రీకి, అంటే భూమి చుట్టుకొలతలో 360వ వంతుకు, 60 మైళ్లని తీసుకున్నాడు, అసలు దూరం 69కి పైనే. చంద్రుడి దూరాన్ని భూవ్యాసార్ధానికి 60 రెట్లుగా లెక్కించేవారు కాబట్టి భూమి సైజు తప్పితే అంతా తప్పుతుంది. కానీ మంచి కొలత 1637లోనే ఇంగ్లండ్‌లో అచ్చయింది. రిచర్డ్ నార్‌వుడ్ లండన్ నుంచి యార్క్ దాకా కొలిచి డిగ్రీకి 3,67,196 అడుగులని తేల్చాడు. న్యూటన్‌కు అడ్డుపడింది వేరే చిక్కు. గోళం తన పదార్థమంతా కేంద్రంలోనే ఉన్నట్టు ఆకర్షిస్తుందని నిరూపించాలి. అది 1685 దాకా తేలలేదు. పికార్‌కు ఇంత గొప్ప అంటగట్టడం అన్యాయం.

జవాబు 2: ఆలస్యం సంగతి ఒప్పుకుంటాను, మిగతాది ఒప్పుకోను. నార్‌వుడ్ గొలుసుతో కొలుస్తూ, కొన్నిచోట్ల నడుస్తూ తన అడుగులు లెక్కపెట్టి సరిపెట్టాడు. పికార్ పని చూడండి. పారిస్ దగ్గర విల్‌జ్విఫ్ నుంచి జువిసీ దాకా తిన్నని దారి మీద కర్రలు పేర్చుకుంటూ రెండుసార్లు కొలిచాడు. ఒకసారి 5662 త్వాజ్‌ల 5 అడుగులు, ఇంకోసారి 5663 త్వాజ్‌ల 1 అడుగు. త్వాజ్ అంటే 6 పారిస్ అడుగులు, అవి ఇంగ్లిష్ అడుగు కంటే కాస్త పెద్దవి. 11 కిలోమీటర్ల దూరంలో తేడా 2 అడుగులే! ఒక భుజం, కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కకట్టొచ్చు కాబట్టి, ఆ గీత ఆధారంగా ఉత్తరాన అమియాఁ పట్టణం వైపు 13 త్రిభుజాలు కట్టాడు. కోణాలు కొలిచే పరికరానికి సన్నని అడ్డగీతలున్న టెలిస్కోపు బిగించాడు. చివరికి డిగ్రీకి 57,060 త్వాజ్‌లు, అంటే దాదాపు 111 కిలోమీటర్లు.

1687లో వచ్చిన న్యూటన్ పుస్తకం ప్రిన్సిపియాలో చంద్రుడి లెక్క దగ్గర భూమి చుట్టుకొలత 12,32,49,600 పారిస్ అడుగులని ఉంటుంది. 57,060ని 6తో, 360తో గుణించి చూడండి, అదే అంకె వస్తుంది. తన దేశస్థుడి కొలత ఉండగా న్యూటన్ దీన్నే ఎందుకు వాడాడు?

జవాబు 1: అంకె పికార్‌దే, కాదనను. అయితే 1740 ప్రాంతంలో ఫ్రెంచివాళ్లే ఆ దారిని మళ్లీ కొలిస్తే దాదాపు వెయ్యో వంతు తేడా బయటపడింది. కర్ర పొడవే తేడాగా ఉంటే ఎన్నిసార్లు కొలిచినా అదే తప్పు వస్తుంది. ఫలితం బాగా రావడంలో ఒక తప్పు ఇంకో తప్పును కొట్టేయడం కూడా ఉంది.

జవాబు 2: ఉంది. కానీ ఏ చోటు నుంచి ఏ చోటుకు, ఏ పరికరంతో కొలిచాడో పికార్ 1671లో అచ్చువేసి పెట్టాడు. డెబ్బై ఏళ్ల తర్వాత వాళ్లు అదే దారి మీదికి వెళ్లి తప్పు పట్టుకోగలిగింది దానివల్లే. నార్‌వుడ్ అడుగులు లెక్కపెట్టిన చోట అలా సరిచూడగలరా?